ఇంట్లో నెట్‌కు మూడు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, మూడూ చూసుకోండి

అనంతపురంలో సాయినగర్ అయినా కమలానగర్ అయినా, కేబుల్ అబ్బాయి వచ్చి బాక్స్ (అదే రౌటర్) బిగించి, వైఫైకి మన ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టి "నెట్ వచ్చేసిందన్నా, చూసుకో" అని వెళ్ళిపోతాడు. రోజంతా ఇల్లిల్లూ తిరిగే మనిషి, ఆయన్ని అనడానికేం లేదు. మిగతా పని మనమే చేసుకోవాలి.

ముందు ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ (నెట్ లైన్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి రాసి పెట్టుకోండి. రౌటర్ వీటిని ఆపరేటర్ సర్వర్‌కు పంపితేనే మనకు లైన్ ఇస్తారు. నెట్ స్లోగా ఉందని ఎవరో చెప్తే రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టారనుకోండి, ఇవి కూడా చెరిగిపోతాయి, ఇక ఆపరేటర్ ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో నెట్ ఉండదు. కొందరు ఆపరేటర్లు రౌటర్ మ్యాక్ అడ్రస్‌ను (ఒక్కో రౌటర్‌కు ఉండే గుర్తింపు నంబర్) కూడా మన అకౌంట్‌కు ముడిపెడతారు. అందుకే కొత్త రౌటర్‌లో అన్నీ సరిగ్గా కొట్టినా "ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని వస్తే టెన్షన్ పడకుండా "పాత మ్యాక్ తీసేసి కొత్తది ఎక్కించండన్నా" అని అడగండి.

రెండోది రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు భయమంతా దీంతోనే. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి (కొన్నిటికి వేరే ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ చూడండి). యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని కొడితే తెరుచుకుందా, మీ వైఫైలో ఉన్న ఎవరైనా అలాగే లోపలికి రావచ్చు. వచ్చి డీఎన్ఎస్ (సైటు పేరు కొడితే ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది) మార్చారంటే, మీరు బ్యాంకు అడ్రస్ సరిగ్గానే కొట్టినా దొంగ పేజీ తెరుచుకునే ప్రమాదం ఉంది. ఈ రోజే మార్చేయండి. అక్కడే రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే వీలు), డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి గానీ చిన్న పిన్ నంబర్‌తో గానీ వైఫైకి కలిసే పద్ధతి) ఆఫ్ చేసి, అప్‌డేట్ ఉంటే వేసుకోండి. ఆపరేటర్ ఆ పేజీకి తాళం వేసి ఉంటే ఆయన చేతే మార్పించండి, మొహమాటపడొద్దు.

మూడోది వైఫై. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 (వైఫైకి వేసే తాళం లాంటిది, కొత్త రకం) ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. పాస్‌వర్డ్‌కు 8 అక్షరాలు తప్పనిసరి, నన్నడిగితే 14 దాటాలి. ఫోన్ నంబర్ వద్దే వద్దు, వీధిలో సగం మందికి తెలిసిందే కదా, తెలియకపోయినా పది అంకెలను వరసగా కొట్టి చూడటం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు.

పైపోర్షన్ వాళ్ళు అడిగితే గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో పెట్టే వైఫై) ఇవ్వండి, దాని పాస్‌వర్డ్ అప్పుడప్పుడూ మార్చండి. మీ లైన్ మీద ఎవరు ఏం చేసినా, పోలీసులు ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళింటికే. ఒకవేళ డబ్బే పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.