కారు స్టార్ట్ కాకపోతే లోపాన్ని గుర్తించడం ఎలా?

కారు స్టార్ట్ కాలేదనగానే చాలామంది కొత్త బ్యాటరీ కొనడానికి సిద్ధపడతారు. అంతకంటే ముందు, తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ (ఇంజిన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారు) తిరిగిందా లేదా అన్నది తేల్చుకోవాలి. తిరగకపోతే లోపం చాలావరకు కరెంటు వైపు ఉంటుంది. తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే ఇంధనం, స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో కలిగే ఒత్తిడి)లలో ఏదో ఒకటి అందడం లేదని అర్థం.

సమస్య: సెల్ఫ్ తిరగకుండా టకటకమనే శబ్దం

స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్చు, అంటే సోలినాయిడ్, అంటుకున్న మరుక్షణం వోల్టేజీ పడిపోయి వదిలేయడం వల్ల ఈ శబ్దం వస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి దిగినట్టు. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందకు జారితే ముందు ఛార్జింగ్ పెట్టి, ఆ తర్వాత కూడా జారుతుంటే బ్యాటరీని మార్చాలి.

బ్యాటరీ బాగానే ఉండి టెర్మినల్ పట్టు చెడిన సందర్భాలూ తక్కువేమీ కాదు. మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) ఒక పిన్నును సీసపు పోస్టు నెత్తి మీద, రెండోదాన్ని దానిని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి, మరొకరిని తాళం తిప్పమనండి. ఆ క్షణంలో మీటరు అర వోల్టు చూపించిందంటే కరెంటు అక్కడే ఆగిపోతోంది. ముందుగా నెగెటివ్ క్లాంపు ఊడదీసి, వంటసోడా కలిపిన నీళ్లతో, వైరు బ్రష్‌తో అక్కడ పేరుకున్న పొడిని రుద్ది, ఆరాక పాజిటివ్‌ను మొదట బిగించాలి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగనూ ఇలాగే చూడాలి. మెకానిక్‌లు సైతం దాన్ని తరచు మరచిపోతారు.

సమస్య: ఒక్కసారే టక్‌మనడం, లేదా శబ్దమే లేకపోవడం

లైట్లు మందగించకుండా ఒక్క టక్ వినిపిస్తే స్టార్టర్ బ్రష్‌లనో సోలినాయిడ్ కాంటాక్టులనో అనుమానించాలి. స్టార్టర్‌ను మెల్లగా తడితే తిరగవచ్చు గానీ, అది రుజువే తప్ప మరమ్మతు కాదు. అసలు శబ్దమే లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి చూసి, ఆపైన ఫ్యూజులు పరిశీలించాలి.

సమస్య: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

పెట్రోలు కారైతే తాళం ఆన్‌లో పెట్టి వెనుక సీటు వైపు చెవి పెట్టండి. చాలా కార్లలో ఫ్యూయల్ పంపు రెండు సెకన్లపాటు సన్నగా మూలుగుతుంది. అది వినిపించకపోతే పంపు రిలేను (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు), ఫ్యూజుల పెట్టెలోని అదే నంబరు ఉన్న మరో రిలేతో మార్చి చూడవచ్చు. డ్యాష్‌బోర్డుపై తాళం గుర్తు మినుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) తాళాన్ని గుర్తించడం లేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించండి. పెట్రోలు వాసన గుప్పుమంటే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు చాలా ఇంజిన్లలో ఇంజెక్టర్లు ఆగి, ప్లగ్గులు ఆరతాయి. డీజిల్‌లో ట్యాంకు ఖాళీ అయిన తర్వాత గొట్టాల్లో గాలి చేరుతుంది, దాన్ని హ్యాండ్ పంపుతో తీసేయాలి.

సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. మామూలు ఊపు లేకుండా ఇంజిన్ తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే వాల్వుల కదలికను పిస్టన్లతో జతకలిపే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. అప్పుడు వెంటనే ఆపేయాలి, లేదంటే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.