పాత మస్టాంగ్ కన్వర్టిబుల్‌ని రోడ్డెక్కించే ముందు

1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు)లో ఫోర్డ్ వాళ్ల కొత్త, బాగా పవరున్న 5.0 లీటర్ల కొయోటీ ఇంజిన్ పెట్టించారా? అన్నిటికన్నా ముందు బ్రేకులు చూడండి. ఆ బండికి మామూలుగా వచ్చేవి నాలుగు చక్రాలకూ పాతరకం డ్రమ్ము బ్రేకులే, పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే సర్క్యూట్ (ఆయిల్ దారి), అంటే ఎక్కడ ఒక్క పైపు కారినా పెడల్ నేలకు దిగిపోతుంది, కాబట్టి డిస్క్ బ్రేకులు, రెండు సర్క్యూట్ల సిలిండర్ వేయించకుండా బండిని కదపొద్దు.

కార్బురేటర్‌కి సరిపోయిన పాత పెట్రోల్ గొట్టాలు కొత్త ఇంజిన్‌లో పెట్రోల్‌ని చిమ్మే ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకోవు, అవీ మార్చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పెట్రోల్ పంపు మాత్రం ఆన్ చేసి, ప్రతి జాయింటుకీ తెల్ల కాగితం అద్ది తడి ఉందేమో చూడండి.

పైన గట్టి రూఫ్ ఉండదు కదా, బలం చాలావరకు తలుపుల కిందున్న రాకర్ ప్యానెళ్లలోనే ఉంటుంది. అక్కడ తుప్పుంటే ఈ పవర్‌కి బాడీ మెలితిరుగుతుంది. ఒక పక్క జాకీతో కొద్దిగా లేపి తలుపు వేసి చూడండి, పట్టేస్తే అక్కడే ఆగిపోండి.

టైర్ల తయారీ తేదీ, సీటు బెల్టులు కూడా మర్చిపోవద్దు.