క్రైస్తవం, తూర్పు మతాల గురించి మాట్లాడుకునేటప్పుడు

"అన్ని మతాలూ ఒకటే" అని మొదలుపెడితే చర్చ అక్కడే ఆగిపోతుంది. ఒక్క ప్రశ్న పట్టుకోండి: చనిపోయాక ఏమవుతుంది? బైబిల్లోని హెబ్రీయులకు 9:27, భగవద్గీత 2:22 పక్కపక్కన పెట్టి, ముందూ వెనకా వచనాలతో సహా చదవండి. మొదటిది ఒక్కసారే చావు, ఆపై తీర్పు అంటుంది. రెండోది పాత బట్టలు విడిచినట్టు దేహాన్ని విడవడం అంటుంది. బౌద్ధమైతే పునర్జన్మను ఒప్పుకుంటూనే శాశ్వతమైన ఆత్మ లేదంటుంది. చిక్కంతా ఇక్కడే, తొందరపడొద్దు.

ఎదుటివారి వాదాన్ని వాళ్లు "అవును, అదే" అనేలా తిరిగి చెప్పాకే అభ్యంతరం లేవనెత్తండి. ఏసు చనిపోయి తిరిగి లేచాడనే పునరుత్థానానికి అడిగే రుజువే పూర్వజన్మ జ్ఞాపకాలకూ అడగాలి; చాలామంది ఒకవైపే అడుగుతారు. ఏసు భారతదేశంలో చదువుకున్నాడన్న మాట వస్తే, లడఖ్‌లోని హేమిస్ బౌద్ధ మఠంలో దొరికిందంటూ 1894లో రష్యా రచయిత నోతోవిచ్ అచ్చువేసిన ఆ కథను ఆ మఠాధిపతే మరుసటి ఏడాది కాదన్నారని గుర్తుచేయండి.