కత్తి మీద మన గుర్తు ఇంట్లోనే వేసుకోడం ఎలాగ
శ్రీకాకుళంలో కమ్మరి దగ్గర చేయించుకున్న కత్తికి పేరు వేయాలంటే మిషనేం అక్కర్లేదు, 9 వోల్టుల బ్యాటరీ, ఉప్పునీళ్లు, ఇయర్‌బడ్ ఉంటే చాలు. ముందు అంచుకి టేపు చుట్టేసి బ్లేడుని సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడవండి, జిడ్డుంటే గుర్తు సరిగ్గా పడదు. నెయిల్ పాలిష్ పూసి ఆరాక సూదితో అక్షరాలు గీకండి, లోపలి ఇనుము కనపడాలి (ఫ్లెక్సీ షాపులో స్టిక్కర్ కట్ చేయించుకుంటే ఇంకా నీటుగా వస్తాది, నాకైతే అదే ఇష్టం).

ఇక అసలు సంగతేటంటే ప్లస్ వైరు కత్తికి, మైనస్ వైరు కొస ఉప్పునీళ్లలో తడిపిన బడ్ దూదికి చుట్టాలి, అటుదిటు అయితే అక్షరం దిగదు. ఆ దూదిని గీకిన అక్షరాల మీద కొన్ని సెకన్లు ఆనించి తీస్తూ మళ్లీ ఆనిస్తూ ఉండండి, దూది నల్లబడితే మార్చేయండి. క్లోరిన్ వాసన రావచ్చు, కిటికీలు తీసే ఉంచండి, గ్లౌజులు కూడా. అయ్యాక వంటసోడా నీళ్లతో కడిగి, పాలిష్ తీసేసి, నూనె రాసేయండి, లేపోతే తుప్పే.