ఇంటి పెద్దాయన జీవితాన్ని రాయడం ఎలా: కతోలిక కుటుంబాల కోసం

పోయిన పెద్దాయన గురించి నాలుగు మాటలు రాయమంటే చేయి తిరిగినవాళ్లు కూడా "గొప్ప ప్రార్థనాపరుడు, దైవభీతి గలవాడు, అందరికీ ఆదర్శం" అని మొదలుపెడతారు. ఏ ఇంటి తాతగారికైనా అతికే మాటలివి. పేరు మార్చి పక్కింటాయన సంతాపసభలో చదివినా ఎవరూ పట్టుకోలేరు. రాత్రి జపమాల వేళకు చుట్టాలొస్తే ఆయన ఏం చేసేవారు? టీవీ కట్టేసి వాళ్ల చేతికీ ఒక జపమాల ఇచ్చేవారా? వాళ్లు వెళ్లేదాకా ఆగి, పదకొండింటికి మంచం మీద కూర్చుని ఒక్కరే చెప్పుకునేవారా? ఆ జవాబులో మనిషి ఉంటాడు. అలాంటి జవాబులు పోగు చెయ్యడమే ఈ పనిలో సగం.

ముందు తేదీలు

జ్ఞాపకాల జోలికి వెళ్లేముందు తేదీలు తేల్చుకోండి. పెద్దవాళ్ల పుట్టినరోజు విషయంలో ఇంట్లోనే రెండు మూడు మాటలుంటాయి. ఆయన జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన విచారణకు, అంటే ఆ ఊరి గుడి పారిష్‌కు, రాసి జ్ఞానస్నాన పత్రం అడగండి. "పేరు పక్కన ఎక్కించిన వివరాలతో సహా" అన్న మాట తప్పక చేర్చండి. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం సంగతులు కూడా జ్ఞానస్నాన రిజిస్టరులో ఆ పేరు పక్కనే రాయాలి. పెళ్లి వేరే ఊళ్లో జరిగినా కబురు మొదటి విచారణకు చేరాలి. ఆ మాట రాయకపోతే చాలాసార్లు ఒక్క జ్ఞానస్నానం తేదీ మాత్రమే వస్తుంది. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానమిచ్చిన గురువు (ఫాదర్) పేరు అన్నీ ఆ ఒక్క వరసలోనే ఉంటాయి.

వెతికేవాళ్లకు కచ్చితమైన సంవత్సరం చెప్పలేకపోతే ముందు మూడేళ్లు, వెనక మూడేళ్లు చూడమనండి. తండ్రి పేరు తప్పనిసరిగా ఇవ్వండి, ఎందుకంటే ఇంట్లో పిలిచే పేరు రిజిస్టరులో ఉండదు. పాత రిజిస్టర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి. జాన్ అక్కడ యోహన్నెస్, జేమ్స్ యాకోబుస్, జోసెఫ్ యోసేఫుస్. "ఆ పేరుతో ఎవరూ లేరు" అన్న జవాబు వస్తే లాటిన్ రూపం చెప్పి మళ్లీ అడగండి. తరచూ జరిగే ఇంకో పొరపాటు: జ్ఞానస్నానం తేదీని పుట్టిన తేదీగా తీసుకోవడం. సమాధి రాయి మీద చెక్కాక తెలిస్తే దిద్దడం కష్టం.

ఇంట్లో చెప్పుకునే కథలను శ్రీసభ కాలక్రమం పక్కన పెట్టి చూడండి. "అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునేవారు" అంటే అది 1953కు ముందు బాల్యం. ఆ ఏడాది నీళ్లకు అనుమతి వచ్చింది, 1957లో ఉపవాసం మూడు గంటలకు తగ్గింది, 1964లో ఒక గంటకు. లాటిన్‌లో పూజకు (మాస్) జవాబులు చెప్పిన కుర్రాడైతే 1960ల మధ్య దాకా ఆ వయసులో ఉండాలి. జపమాల చెబుతూ ధ్యానించే ఘట్టాలను రహస్యాలంటారు, వాటిలో వెలుగు రహస్యాలనే ఐదు 2002లో వచ్చాయి. కాబట్టి జీవితమంతా పదిహేను రహస్యాలే చెప్పిన మనిషి డెబ్బై ఏళ్లకు కొత్తగా ఐదు కంఠస్థం చేశారంటే అది రాయదగ్గ సంగతి. ఈ సరిచూడటం ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. తేదీలు కుదిరితే కథకు బలం వస్తుంది, కుదరకపోతే అది ముత్తాతగారి కథ అయ్యుంటుంది, చేతులు మారి ఈయన పేరున చేరి ఉంటుంది.

వస్తువులు

ప్రార్థన పుస్తకం దొరికితే వెంటనే దులపకండి. పేజీల మధ్య పునీతుల బొమ్మలు, చనిపోయినవాళ్ల జ్ఞాపిక కార్డులు, చీటీలు ఏ పేజీ దగ్గర ఉన్నాయో ఆ వరస కూడా సమాచారమే. ముందు ప్రతి రెండు పేజీలకు ఒక ఫోటో తీయండి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. తర్వాతే బయటికి తీయండి. అంచు నల్లబడి, మూల మెత్తబడి, కాగితం పలచబడిన పేజీ ఒకటి ఉంటుంది. ఆ ప్రార్థన ఏదో రాసుకోండి. వ్యాధిగ్రస్తుల కోసం చెప్పే ప్రార్థనా, పిల్లల కోసం చెప్పేదా? ఎవరిని తలచుకుంటూ అన్నిసార్లు తిప్పారో ఇంట్లో అడిగితే తెలియవచ్చు. లామినేషన్ మాత్రం చేయించకండి, వేడికి, జిగురుకు పాత కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేరు. చిన్న ఫోటోలను 600 డీపీఐలో, పత్రాలను 300లో స్కాన్ చేస్తే సరిపోతుంది. ఫోటో వెనక పెన్నుతో రాయొద్దు, మెత్తని పెన్సిల్‌తో అంచున నెంబరు వేసి, వివరాలు వేరే కాగితం మీద రాయండి.

జపమాల ఆయన చేతిలోనే సమాధికి వెళ్లాలా, ఇంట్లో ఉండాలా అన్నది పెట్టె మూసేముందే తేల్చుకోండి. అప్పుడు మాట్లాడుకోక తర్వాత ఏళ్ల తరబడి బాధపడే అన్నదమ్ములున్నారు. పాడైన ఆశీర్వదించిన వస్తువులను చెత్తలో వెయ్యరు, కాల్చడమో భూమిలో పాతడమో చేస్తారు. ఫోన్‌లో ఆయన గొంతు ఉంటే, ముఖ్యంగా ప్రార్థన నడిపించిన రికార్డింగు, సిమ్ రద్దు చేసేముందే రెండు చోట్లకు కాపీ చేసుకోండి.

మనుషులను అడగడం

అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆమెతో మొదలుపెట్టండి, ఒక్కరితోనే, అరగంటకు మించకుండా. కొడుకులు, కూతుళ్లను విడివిడిగా అడగాలి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దన్నయ్య చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది. "భక్తి ఎలా ఉండేది?" అని అడిగితే "చాలా భక్తి" అంటారు. "గుడిలో ఎక్కడ కూర్చునేవారు?", "శుక్రవారం మాంసం వండితే ఏమనేవారు?", "ఎవరితోనైనా మాటలు లేకపోతే ఈస్టరు ముందు ఏం చేసేవారు?" అని అడగండి. వేరే మతంవాళ్లైన పాత స్నేహితుణ్ణి ఒకరిని వదలకండి. ఇంట్లోవాళ్లకు మామూలైపోయిన సంగతి ఆయనకు వింతగా కనిపించి గుర్తుండిపోతుంది. గురువుగారిని అడగొచ్చు, కానీ పాపసంకీర్తనం (కన్ఫెషన్) ఊసు ఎత్తకూడదు. ఆయన చెప్పరు, అడగడమే ఇబ్బంది పెట్టడం.

కోపం, మొండితనం, పిల్లలతో పడిన గొడవ కూడా వింటారు. అన్నీ రాయక్కర్లేదు, అన్నీ దాచనూ అక్కర్లేదు. "కోపమొస్తే రెండు రోజులు మాట్లాడేవారు కాదు, మూడో రోజు జపమాలకు ఆయనే పిలిచేవారు" అన్న ఒక్క వాక్యం పది పొగడ్తల పెట్టు. బతికున్న మనిషి పరువు పోయే సంగతి, చివరి రోజుల ఆస్పత్రి వివరాలు మాత్రం వదిలెయ్యండి. గురువు వచ్చి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడినవారికి నూనె పూసి చేసే ప్రార్థన) ఇచ్చిన రోజు రాస్తే చాలు.

ఎక్కడ చదవాలి

రోమను పూజా గ్రంథం నియమాల్లో 382వ అంశం స్పష్టంగా చెబుతుంది: అంత్యక్రియల పూజలో ప్రసంగం క్లుప్తంగా ఉండాలి, అది చనిపోయినవారి ప్రశంసగా మాత్రం ఉండకూడదు. గురువుగారు మీ నాన్నగారి గురించి తక్కువ మాట్లాడి క్రీస్తు పునరుత్థానం గురించి ఎక్కువ మాట్లాడితే నొచ్చుకోకండి, అది ఆయన పని. కుటుంబం తరఫున మాట్లాడే చోటు సత్ప్రసాదం తర్వాతి ప్రార్థనకు, తుది వీడ్కోలు ప్రార్థనకు మధ్య. కొన్ని మేత్రాసనాల్లో (బిషపు పరిధిలోని ప్రాంతాల్లో) అదీ ఒప్పుకోరు. ముందురోజే అడగండి, రాసిన కాగితం చూపించండి. ఒక్కరే మాట్లాడాలి, మూడు నిమిషాలు, అంటే నెమ్మదిగా చదివితే సుమారు 250 మాటలు. గొంతు పూడుకుపోతే అందుకోవడానికి రెండో ప్రతి ఇంకొకరి చేతిలో ఉండాలి. పొడుగ్గా చెప్పుకోవలసినవి, నవ్వు తెప్పించేవి ముందురోజు సాయంత్రం జాగరణ ప్రార్థనకు ఉంచండి. వాటికి అదే సరైన చోటు.

మూడు నిమిషాల్లో ఏం పడుతుంది? ఒక అలవాటుతో మొదలుపెట్టండి, పుట్టిన తేదీతో కాదు. తర్వాత నాలుగైదు వాక్యాల్లో పుట్టుక, పెళ్లి, పని, పిల్లలు. ఆ తర్వాత ఒకే ఒక సంఘటన, వివరంగా. చివర "ఆయన ఆత్మ కోసం ప్రార్థించండి" అని అడగండి. "ఆయన ఇప్పటికే స్వర్గంలో దేవదూత అయిపోయారు" అనొద్దు. కతోలిక విశ్వాసంలో మనుషులు దేవదూతలు కారు. స్వర్గానికి చేరిపోయారని మనమే తేల్చేస్తే ఇక పూజ ఎవరి కోసం?

వాక్యం ఎంచుకునేటప్పుడు "మంచి పోరాటం పోరాడితిని" తప్పేమీ కాదు, కానీ అందరి కార్డు మీదా అదే ఉంటుంది. ముందు ఆయన బైబిల్లో గీతలు వెతకండి. లేకపోతే తోబీతు గ్రంథం 4వ అధ్యాయం, కొడుక్కి తండ్రి చెప్పిన అప్పగింతలు, ఇంటి పెద్దకు బాగా నప్పుతుంది. జ్ఞాపిక కార్డు జేబులో, ప్రార్థన పుస్తకంలో పట్టేంతే ఉండాలి, 7 సెంటీమీటర్లు, 11 సెంటీమీటర్లు. ఒకవైపు ఫోటో, రెండోవైపు పేరు, జ్ఞానస్నానం పేరు, తేదీలు, ఒక వాక్యం, చిన్న ప్రార్థన. అంతకుమించితే అక్షరాలు చిన్నవై పెద్దవాళ్లు చదవలేరు. అచ్చుకిచ్చేముందు ఒకరు పత్రంలోంచి తేదీలు పైకి చదవాలి, ఇంకొకరు కార్డులో చూడాలి. ఒకే మనిషి రెండూ చూస్తే తప్పు దొరకదు.

పూజలు

వర్ధంతి ఆదివారం పడితే మృతుల పూజ విడిగా చెయ్యరు. ఆ రోజు పూజే ఆయన ఉద్దేశంతో అర్పిస్తారు, కాబట్టి తేదీ మార్చుకోనక్కర్లేదు. గ్రెగోరియన్ పూజలు కోరితే అవి వరసగా 30 రోజులు, ఒక్కరి కోసమే. మామూలు విచారణలో కుదరకపోవచ్చు, సన్యాస మఠాలను అడగండి. కానుక ఇచ్చే స్తోమత లేకపోయినా అడగడానికి మొహమాటపడకండి, కానుక లేకుండానూ అలాంటివారి కోసం పూజ చెయ్యమని చట్టం గురువులను గట్టిగా కోరుతుంది. నవంబరు 1 నుంచి 8 దాకా సమాధుల దగ్గరికెళ్లి మృతుల కోసం ప్రార్థించేవారు, పాపసంకీర్తనం, సత్ప్రసాదం వంటి షరతులతో, రోజుకొక పరిపూర్ణ దండవిమోచనాన్ని (పాపాలకు మిగిలిన శిక్ష అంతా తొలగించే వరాన్ని) ఉత్తరించు స్థలంలోని (స్వర్గానికి ముందు శుద్ధి పొందే స్థితిలోని) ఆత్మకు ధారపోయవచ్చు.

పూర్తి జీవితకథ పుస్తకంగా వేస్తే మొదట ఐదు ప్రతులే వేయించండి. వాటిని వయసులో పెద్దవాళ్లకు పంపి నెల రోజులు ఆగండి. "ఆ ఫోటోలో ఉన్నది మీ బాబాయి కాదు" లాంటి ఫోన్లు అప్పుడే వస్తాయి. అవి దిద్దాక మిగతావి వేయించి, ఒక ప్రతి విచారణ కార్యాలయంలో ఇవ్వండి.