తిప్పతీగ కొంటున్నారా? ముందు కాడను తడిమి చూడండి

మూలికల దుకాణంలో తిప్పతీగ అడిగితే చాలామంది పొడి ప్యాకెట్ చేతిలో పెడతారు. పొడి మాత్రం వద్దు, అందులో ఏం కలిసిందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. కాడ ముక్కలే అడగండి, వీలైతే పచ్చివి, ఆకుతో సహా.

అసలైన తిప్పతీగ కాడ ఆకుపచ్చగా ఉంటుంది, పైన కాగితంలాంటి పలచని పొర గోరుతో గీస్తే ఊడొస్తుంది. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు గీతలు కనిపిస్తాయి, కానీ దీని దగ్గరి జాతుల్లోనూ ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటే చూసి నమ్మేయకండి. అసలు తేడా తెలిసేది వేళ్లతో తడిమినప్పుడే. కాడ బూడిద రంగులో ఉండి, పొడుగునా బొడిపెలు గట్టిగా తగులుతూ, కోసిన చోట పాలు కారితే అది టినోస్పోరా క్రిస్పా అనే వేరే జాతి. మనకు కావలసింది టినోస్పోరా కార్డిఫోలియా. దీని బదులు క్రిస్పా వాడితే హాని జరగొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖే 2022లో హెచ్చరించింది.

ఆకు కూడా తిప్పి చూడండి. హృదయాకారంలో, రెండు వైపులా నున్నగా ఉండాలి. అడుగున మెత్తటి నూగు ఉంటే అది ఇంకో జాతి.

ఎండు ముక్కల్లో ఈ గుర్తులు సగం పోతాయి, అనుమానం వస్తే కొనకండి. లివర్ సమస్య ఉన్నవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం అసలుదే దొరికినా డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.