పూడ్చిన గాడి బాగానే ఉంది, పక్కన రోడ్డు కుంగింది

నల్లా పైపుకో, కేబుల్‌కో రోడ్డు తవ్వారు. పూడ్చారు, పైన తారు కూడా వేశారు. తొలి వానకే కుంగింది. "మట్టి మంచిది కాదు" అంటాడు మేస్త్రీ, ఇంకో ట్రాక్టర్ మొరం పోసి పోతాడు. మట్టిని తిట్టే ముందు ఒక్కసారి వంగి చూడండి: కుంగింది గాడి మధ్యలోనా, అంచు పక్కనా? ఇది చూడకుండానే పోసినచోటే మళ్లీ మళ్లీ పోస్తుంటారు.

మధ్యలో పళ్లెంలా కుంగితే

మూడడుగుల మట్టిని ఒకేసారి తోసేసి, పైన జేసీబీ బకెట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి వదిలేశారన్నమాట. తీసి, ఆరంగుళాలకో పొర వేసి, ప్రతి పొరనూ కాస్త తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. తవ్వినప్పుడు నల్లరేగడి వచ్చిందా, దాన్ని తిరిగి వేయొద్దు. తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మొరం తెప్పించండి.

అంచు పక్కన పగిలితే

నేను మోసపోయింది ఇక్కడే. హనుమకొండలో ఒక గల్లీలో రెండుసార్లు పూడ్చాను, రెండుసార్లూ దిమ్మిస దగ్గరుండి కొట్టించాను. గాడి రాయిలా ఉంది, దాని పక్కన పాత తారు మాత్రం విరిగింది. మూడోసారి విసిగిపోయి ఆ పెచ్చు లేపి చూస్తే, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోయింది.

జరిగేది ఇదీ. కట్టర్‌తో కోయకుండా నేరుగా తవ్వితే జేసీబీ పళ్లు తారు పొరను కింది నుంచి పెకిలిస్తాయి. అడుగు దూరం దాకా పొర లేచి, మళ్లీ ఏమీ కానట్టే కూర్చుంటుంది. దాని కింది మొరం గాడిలోకి జారిపోతుంది. తర్వాత పైనుంచి పోసే మట్టి ఆ డొల్లలోకి అడ్డంగా పోదు, దిమ్మిస దెబ్బా అక్కడికి అందదు. బైకులు, ఆటోలు తిరిగినన్నాళ్లు ఉత్త తారు పొరే మోస్తుంది. ఒకరోజు ఇసుక లారీ వస్తుంది, అంతే.

కాబట్టి తారు వేయకముందే గాడికి రెండువైపులా రెండడుగుల దాకా సుత్తితో కొడుతూ పోండి. చప్పుడు మారినచోట డొల్ల ఉన్నట్టే. ఐదు నిమిషాల పని, ఎవరూ చేయరు!

డొల్ల దొరికితే పైన కంకర కూరితే లాభం లేదు. గట్టి చప్పుడు వచ్చేదాకా, కనీసం ఒక అడుగు వెనక్కి, పాత తారును కట్టర్‌తో తిన్నగా కోసి తీసేయాలి. వదులు మట్టి గీకి, మొరం, ఆపైన కంకర పొరలుగా వేసి కొట్టాలి. కోసిన అంచులు దుమ్ము లేకుండా ఊడ్చి, ఎమల్షన్ (నీళ్లతో కలిపిన పలుచని తారు) పూసి, వేడి తారు మిక్స్ వేసి రోలర్ తిప్పించాలి. అంచుకు ఎమల్షన్ పూయకపోతే ఆ అతుకులోంచే నీళ్లు దిగుతాయి.

ఈసారి తవ్వేముందే తారు మీద కట్టర్‌తో రెండు గీతలు కోయించండి. జేసీబీ కాళ్ల కింద చెక్కలు పెట్టించండి. తవ్విన మట్టిని గాడి అంచు మీదే కుప్ప పోయనివ్వకండి, ఆ బరువుకు గాడి గోడ జారుతుంది.

ఫుట్‌పాత్ టైల్స్ ఊగితే

సాధారణంగా టైల్స్ తప్పు కాదు. తవ్వినప్పుడు పక్క కర్బ్ రాయి (ఫుట్‌పాత్ అంచు రాయి) కదిలింది, కింది ఇసుక జారిపోయింది. ముందు కర్బ్ గట్టిగా నిలబెట్టి, తర్వాతే ఇసుక సాపు చేసి టైల్స్ పేర్చండి.

ఎలుక బొరియలు, పాత బావి పూడిక లాంటివి ఎప్పుడో ఒకసారి తగులుతాయి, వాటి వెంట పడొద్దు. వాన లేని రోజుల్లోనూ కుంగుతూ, తడిగా ఉంటే మాత్రం పైపు లీకే. అది ఆపేదాకా తారు జోలికి పోకండి.